తండ్రి కుర్చీ వచ్చింది, తండ్రి మాట వచ్చిందా?

ఈ నెల ‘పాఠకుల ప్రశ్నలు’ శీర్షికకు పాలమూరు, నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఉత్తర కొరియా మీదే ఉన్నాయి. ఒకే రకమైన వాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. కమ్యూనిస్టు దేశమని చెప్పుకునే ఉత్తర కొరియాలో తాత, తండ్రి, మనవడు వరుసగా గద్దెనెక్కడం ఎలా సాధ్యమైంది? పార్టీలో ఎవరూ అడ్డు చెప్పలేదా?
– ఒక అభ్యర్థి, మహబూబ్‌నగర్

జవాబు: అడ్డు చెప్పగలిగినవాళ్లను వారసుడి మాట ఎత్తకముందే ఏరివేశారు. 1945లో సోవియట్ అండతో ప్యాంగ్యాంగ్ చేరిన కిమ్ ఇల్ సంగ్‌కు పార్టీలో చాలా వర్గాలు పోటీ. దక్షిణాది నుంచి వచ్చిన కమ్యూనిస్టులు, చైనా కమ్యూనిస్టులతో కలిసి పోరాడి వచ్చిన యెనాన్ వర్గం, సోవియట్ కొరియన్లు, జపాన్ మీద పోరాటంలో తనతో కలిసి పనిచేసిన కాప్సన్ వర్గం. కొరియా యుద్ధం ఆగిన 1953లో దక్షిణాది వాళ్లతో మొదలుపెట్టి, 1956 ఆగస్టులో తనను నిలదీయబోయిన యెనాన్, సోవియట్ వర్గాలను, 1967లో కాప్సన్ వర్గాన్ని ఒక్కొక్కటిగా తుడిచేశాడు.

అయితే ఆయన పలుకుబడి అంతా భయంతోనే వచ్చిందనుకుంటే పొరపాటు. 1946 మార్చిలో భూసంస్కరణ ప్రకటించి, 5 చోంగ్బోలు, అంటే మన లెక్కలో సుమారు 12 ఎకరాలు దాటిన భూస్వాముల భూమిని పరిహారం లేకుండా తీసుకుని, సాగుచేసే రైతులకు ఉచితంగా పంచాడు. నెల రోజుల్లోపే పని అయిపోయింది. భూమి కోసం ప్రాణాలిచ్చిన నల్లగొండ పల్లెలకు ఆ పట్టా విలువ వేరే చెప్పక్కర్లేదు. 1958 నాటికి ఆ చేలన్నీ సహకార క్షేత్రాల్లో కలిపేశారు గానీ ‘భూమి ఇచ్చినవాడు’ అన్న పేరు ఆయనకే నిలిచింది.

మరి వారసుడిగా కొడుకే ఎందుకు? స్టాలిన్ చనిపోయి మూడేళ్లు తిరక్కుండానే ఆయన తర్వాతి సోవియట్ నేత క్రుశ్చేవ్ 1956 ఫిబ్రవరిలో ఆయన పరువు తీశాడు. మావో తన వారసుడిగా ప్రకటించిన లిన్ బియావో 1971లో కుట్రదారు ముద్రతో, పారిపోతూ విమానం కూలి చనిపోయాడు. బయటివాణ్ణి వారసుడంటే బతికుండగానే కుర్చీ లాగుతాడేమో, పోయాక సమాధి తవ్వుతాడేమో. ఎవరి పేరూ చెప్పకపోతే చుట్టూ ఉన్న జనరళ్లు రేపటికి భయపడి ఇవాళే ఎత్తులు వేస్తారు. రాజనీతి శాస్త్రంలో దీనికి ‘యువరాజు చిక్కు’ అని పేరు. కొడుకైతే ఆగుతాడు. తండ్రి పేరు చెడితే తన హక్కే పోతుంది గనక. 1970లో ప్యాంగ్యాంగ్ అచ్చువేసిన రాజకీయ నిఘంటువులో వంశపారంపర్య అధికారం దోపిడీ సమాజాల అభివృద్ధి నిరోధక ఆచారమని రాసి ఉంది. 1972 ముద్రణలో ఆ పదమే తీసేశారు.

ఆ కొడుకు కిమ్ జోంగ్ ఇల్ యుద్ధం చేయలేదు, భూమి పంచలేదు. 1964లో చదువు ముగించి పార్టీ కేంద్ర కార్యాలయంలో చేరాడు. క్రమంగా రెండు విభాగాలను చేతిలోకి తెచ్చుకున్నాడు. ఒకటి ప్రచార విభాగం. రెండోది సంస్థాగత మార్గదర్శక విభాగం. ఎవరికి ఏ పదవి ఇవ్వాలో, ఎవరి ఫైలు తెరవాలో తేల్చేది అదే. ఈ రెండూ ఉన్నవాడికి మంత్రి పదవితో పనిలేదు. పోటీదారుల్లో బాబాయి కిమ్ యోంగ్ జు 1970లలోనే తెరమరుగయ్యాడు. సవతి తమ్ముడు కిమ్ ప్యోంగ్ ఇల్‌ను 1988లో రాయబారిగా హంగరీ పంపితే, యూరప్ దేశాల్లోనే తిరిగి తిరిగి 2019లో గానీ ఇల్లు చేరలేదు.

ఆ విభాగాలతో ఆయన తండ్రిని దేవుణ్ణి చేశాడు. 1972లో అరవయ్యో పుట్టినరోజుకు మన్సు కొండ మీద సుమారు 20 మీటర్ల కంచు విగ్రహం లేచింది. డెబ్బయ్యో పుట్టినరోజుకు, 1982లో, 170 మీటర్ల జూచే (కిమ్ ఇల్ సంగ్ స్వావలంబన సిద్ధాంతం) స్తూపం. దానికి పేర్చిన రాళ్లు 25,550, తండ్రి బతికిన డెబ్బై ఏళ్లకు రోజుకొకటి చొప్పున. 1974లో నాయకుడి పట్ల విధేయతకు పది సూత్రాలు వచ్చాయి. పౌరులు వాటిని కంఠస్థం చేసి, ఆత్మవిమర్శ సమావేశాల్లో వాటి ప్రకారం తమ తప్పులు తామే ఒప్పుకోవాలి. కిమ్ ఇల్ సంగ్ మొదలుపెట్టిన విప్లవాన్ని తరతరాలుగా కొనసాగించాలన్నది పదో సూత్రం. తండ్రి మాట ఎంత తిరుగులేనిదైతే, ఆ తండ్రి తనను ఎంచుకున్నాడన్న మాట అంత తిరుగులేనిదవుతుంది. గుడి కట్టినవాడే పూజారి అయ్యాడు.

1974 ఫిబ్రవరిలో కేంద్ర కమిటీ లోపల ఎంపిక జరిగింది. 1980 అక్టోబర్ మహాసభ దాకా పత్రికలు పేరు రాయకుండా ‘పార్టీ కేంద్రం’ అనేవి. 1991లో సర్వసైన్యాధిపతి అయ్యాడు. 1994 జూలై 8న తండ్రి పోయేనాటికి ఇరవై ఏళ్ల తర్ఫీదు ఉంది. అయినా 1997 అక్టోబర్‌లో గానీ పార్టీ ప్రధాన కార్యదర్శి కాలేదు. దేశాధ్యక్ష పదవి తీసుకోనే లేదు; 1998లో రాజ్యాంగం మార్చి దాన్ని పోయిన తండ్రికే శాశ్వతంగా రాసిచ్చాడు.

మనవడికి అంత వ్యవధి లేదు. 2008 ఆగస్టులో తండ్రికి పక్షవాతం వచ్చింది, 2011 డిసెంబర్ 17న చనిపోయాడు. మధ్యలో మూడేళ్లే. అందుకే కిమ్ జోంగ్ ఉన్ తండ్రిని పక్కన పెట్టి తాతను పట్టుకున్నాడు. అదే జుట్టు కత్తిరింపు, అదే కోటు, అదే నవ్వు. తండ్రి గొంతు జనం బహిరంగంగా విన్నది 1992లో ఒకే ఒక్క వాక్యం. మనవడు 2012 ఏప్రిల్ 15న, తాత శతజయంతి రోజున, ఇరవై నిమిషాలు మాట్లాడి జనం ఇక నడుం బిగించుకోవాల్సిన పని రాదన్నాడు. ఇంకోవైపు తండ్రి పెట్టిపోయిన పెద్దమనుషులను ఏరేశాడు. తండ్రి శవవాహనం పక్కన తనతో కలిపి ఎనిమిది మంది నడిచారు. వారిలో సైన్యాధ్యక్షుడు రి యోంగ్ హో 2012 జూలైలో పదవి పోగొట్టుకున్నాడు. మేనత్త భర్త జాంగ్ సాంగ్ థేక్‌కు 2013 డిసెంబర్‌లో మరణశిక్ష పడింది. సవతి అన్న కిమ్ జోంగ్ నామ్‌ను 2017 ఫిబ్రవరిలో కౌలాలంపూర్ విమానాశ్రయంలో విషరసాయనంతో చంపారు. అణ్వాయుధం తన సొంత ఘనతగా నిలబెట్టుకున్నాడు. ఇప్పటిదాకా చేసిన ఆరు పరీక్షల్లో నాలుగు ఆయన హయాంలోవే.

ఆయన వంశకథలో ఒక అతుకు ఉంది. తల్లి కో యోంగ్ హుయి పుట్టింది జపాన్‌లోని ఒసాకాలో. జపాన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాలను ఆ రాజ్యం అనుమానంగా చూస్తుంది. జపాన్ మీద పోరాడిన ‘పెక్తు రక్తం’ (పెక్తు అక్కడి పవిత్ర పర్వతం) తమదని చెప్పుకునే వంశానికి ఆ తల్లి వివరాలు చెప్పుకోవడం కష్టం. అందుకే ఆమె పేరు అక్కడి పాఠాల్లో వినిపించదు, మనవడి పుట్టినరోజు ఇప్పటికీ జాతీయ సెలవు కాలేదు.

ప్రశ్న: మా పెద్దలు ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త’ అన్న కాలం చూసినవాళ్లు. దొర పోతే దొర కొడుకే దొర, నిజాం పోతే నిజాం కొడుకే నిజాం. దానికీ దీనికీ తేడా ఏముంది సార్?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట

జవాబు: కింద బతికే మనిషికి పడే బరువులో పెద్ద తేడా లేదండి. తేడా హక్కు ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర ఉంది.

రాచరికంలో వంశమే హక్కు, ఆ సంగతి దాచరు. పైన ముద్ర వేసేవాడు కూడా ఒకడుంటాడు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల్లో వారసుడికైనా, దత్తతకైనా నిజాం ఆమోదం కావాలి. నిజాంకు మొదట మొగలు పాదుషా ఫర్మానా, తర్వాత బ్రిటిష్ సర్కారు గుర్తింపు. ఊరి స్థాయిలో దేశ్‌ముఖ్‌కు వతను, పోలీసు పటేల్‌కు, మాలీ పటేల్‌కు, పట్వారీకి వంశపారంపర్య కొలువు. దఫ్తరం అదే ఇంట్లో తరాలుగా ఉండేది. ఈ చివరి కట్టు 1984 దాకా తెగలేదు.

ఇంత పద్ధతి ఉన్నా రెండో తరం దగ్గర గండం తప్పలేదు. మొదటి నిజాం 1748లో పోగానే కొడుకు నాసర్ జంగ్‌కూ, మనవడు ముజఫర్ జంగ్‌కూ యుద్ధం వచ్చింది. ఒకరి వెనుక ఇంగ్లిషువాళ్లు, ఇంకొకరి వెనుక ఫ్రెంచివాళ్లు చేరారు. 1750లో ఒకరు, 1751లో ఇంకొకరు హతమయ్యారు. తర్వాత వచ్చిన సలాబత్ జంగ్‌ను 1762లో తమ్ముడు నిజాం అలీ దించేదాకా ఆ ఇల్లు కుదుటపడలేదు. ఏడో నిజాం సైతం కొడుకును కాదని మనవడు ముకర్రం జాను వారసుణ్ణి చేశాడు.

వంశ నియంతకు ఈ ఆసరా ఏదీ లేదు. పైన ముద్ర వేసేవాడు లేడు. రాజు కాదు గనక ‘నా రక్తం’ అని నోరారా అనలేడు. ఉత్తర కొరియా రాజ్యాంగంలో కిమ్ కొడుకు కిమ్ అవుతాడని ఎక్కడా లేదు. ప్రజలు, పార్టీ ఎన్నుకున్నారని ప్రతిసారీ నటించాలి. 2013లో పది సూత్రాలు సవరించినప్పుడు మాత్రం ‘పెక్తు రక్తసంబంధం’ అన్న మాట లోపలికి చేర్చారు.

మీరడిగిన దాంట్లో మేం ముఖ్యమనుకునేది ఇంకొకటుంది. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్య 17కల్లా ముగిసింది. కానీ నల్లగొండ పల్లెల్లో దొర మాట చెల్లకుండా పోయింది అంతకు రెండేళ్ల ముందే, వెట్టి చేయమని జనం నిలబడిననాడే. పైన ఉన్న అధికారం కింద దొర గడి మీద నిలబడి ఉంటుంది. కిమ్ వంశం 1946లోనే తమ ఊళ్లలోని భూస్వాములను లేకుండా చేసి, ఆ చోట పార్టీ మనిషిని కూర్చోబెట్టింది. జనం ఎదురు తిరగడానికి మధ్యలో దొర లేడు, నేరుగా రాజ్యమే ఉంది.

ప్రశ్న: గెలిచేది ఒక్కడే అయినప్పుడు అక్కడ ఓట్లు ఎందుకు పెడతారు?
– కళాశాల విద్యార్థి, నల్లగొండ

జవాబు: హాజరు వేయడానికి. 2014 ఎన్నికల్లో 99.97 శాతం ఓటేశారని ప్రకటించారు. కిమ్ నిలబడిన పెక్తు పర్వతం నియోజకవర్గంలో నూటికి నూరు ఆయనకే. పెట్టెలో కాగితం వేయడం చాలు. కాదనాలంటే అందరి ముందూ వేరుగా కదలాలి. ఓటరు జాబితా సరిచూసే వంకతో ఊళ్లో లేనివాళ్లు, సరిహద్దు దాటినవాళ్లు ఎవరో తెలుస్తుంది. 2023 నవంబర్ స్థానిక ఎన్నికల్లో 1960ల తర్వాత తొలిసారిగా, ప్రావిన్సు సభలకు 0.09 శాతం, నగర సభలకు 0.13 శాతం వ్యతిరేక ఓట్లు పడ్డాయని వాళ్లే రాశారు. ఆ కాస్త కూడా పైనుంచి అనుమతి లేనిదే అచ్చులోకి రాదు.

ప్రశ్న: 1990లలో లక్షలమంది ఆకలితో చచ్చారని చదివాను. తిండి పెట్టలేని దొరతనాన్ని జనం ఎందుకు దించలేదు?
– రైస్ మిల్లు గుమస్తా, మిర్యాలగూడ

జవాబు: బియ్యం లెక్క మీకు బాగా తెలుసు గనక అక్కడి నుంచే మొదలుపెడదాం. ఉత్తర కొరియాలో అప్పట్లో మామూలు కార్మికుడికి రోజుకు 700 గ్రాముల ధాన్యం కోటా, బరువు పనివాళ్లకు 900. నెలకు 21 కిలోలు. మన రేషన్ షాపులో మనిషికి 6 కిలోలే గానీ మిగతాది కొనుక్కోవచ్చు, పండించుకోవచ్చు. అక్కడ అప్పుడు ధాన్యం ప్రైవేటుగా అమ్మడం నేరం. అంటే ఆ కోటాయే కంచం. 1987లో పది శాతం కోశారు. సోవియట్ చమురు, ఎరువులు ఆగిపోవడంతో 1991లో ‘రోజుకు రెండు పూటలే తిందాం’ అని ప్రచారం పెట్టారు. 1995 వరదలు రాకముందే దిగుబడి పడిపోయి ఉంది. చనిపోయినవాళ్లు ఆరు లక్షల నుంచి పది లక్షలని ఎక్కువమంది పరిశోధకుల అంచనా. ఇంకా ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు.

తిరుగుబాటుకు ఆకలి ఒక్కటే చాలదు, నలుగురు కలవాలి. 20 నుంచి 40 ఇళ్లకు ఒక ఇరుగుపొరుగు నిఘా సంఘం ‘ఇన్మిన్‌బాన్’, దానికి పెద్దగా ఒక ఆడమనిషి. ఇంటికి చుట్టం వస్తే ఆమెకు చెప్పాలి. పక్క జిల్లాకు పోవాలంటే కాగితం కావాలి. ఒకడు తప్పుచేస్తే మూడు తరాలు నిర్బంధ శిబిరానికి. పైగా కుటుంబ చరిత్రను బట్టి ప్రతి మనిషినీ నమ్మకస్తులు, ఊగిసలాడేవాళ్లు, శత్రువులు అని విభజించారు. ఆకలి కూడా ఆ వరుసలోనే పడింది: ముందుగా ఈశాన్యపు హమ్‌గ్యోంగ్ జిల్లాలు ఎండిపోయాయి, ప్యాంగ్యాంగ్‌కు చివరిదాకా ధాన్యం చేరింది. ఎదురు తిరగగలిగినవాడి కంచం నిండుగా ఉంది. ఆకలైనవాడికి లేచి నిలబడే బలం లేదు. ఇంతకన్నా క్రూరమైన పంపకం ఆధునిక కాలంలో అరుదు.

కిమ్ జోంగ్ ఇల్ ఆ కరువుకు ‘కష్టాల యాత్ర’ అని పేరు పెట్టించాడు. తండ్రి గెరిల్లా దళం 1938–39 చలికాలంలో చేసిన నడకకు ఉన్న పేరు అది. చావు కూడా తండ్రి కథలో ఒక అధ్యాయమైంది. జనాన్ని బతికించింది మాత్రం చాటుమాటుగా పుట్టిన సంతలు. ఆ సంతలను అణచాలని 2009 నవంబర్ 30న పాత వంద వోన్లకు కొత్తది ఒకటి అని నోట్లు మార్చి, ఇంటికి లక్ష పాత వోన్లే మార్చుకోవచ్చన్నారు. వ్యాపారుల కూడబెట్టు ఒక్క రోజులో బుగ్గయింది. ధరలు ఆకాశానికి పోయాయి, జనం బాహాటంగా తిట్టారు, 2010 తొలి నెలల్లోనే సంతలు మళ్లీ తెరవాల్సి వచ్చింది. ఆ రాజ్యం వెనక్కి తగ్గిన కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

ప్రశ్న: సిరియాలోనూ తండ్రీకొడుకులే కదా. అక్కడెందుకు కూలింది? రెండో తరంలో పోయినవి ఇంకేమైనా ఉన్నాయా?
– న్యాయవాది, గద్వాల

జవాబు: చాలా ఉన్నాయి. రెండు రకాలుగా పోతాయి: తండ్రికి అండగా నిలిచిన వర్గాన్ని కొడుకు పోగొట్టుకోవడం, లేదా తుపాకి పట్టినవాడికి కూలి గిట్టకపోవడం.

హాఫెజ్ అసద్ పెద్దకొడుకు బాసిల్‌ను తయారు చేశాడు. 1994 జనవరిలో కారు ప్రమాదంలో అతను పోయాడు. లండన్‌లో కంటివైద్యం చదువుతున్న బషర్‌ను పిలిపించి ఆరేళ్లలో సైనిక అధికారిని చేశారు. 2000 జూన్ 10న తండ్రి చనిపోయిన రోజే పార్లమెంటు అధ్యక్షుడి కనీస వయసును 40 నుంచి 34కు తగ్గించింది; బషర్ వయసు అదే. 97.29 శాతం ఓట్లతో ఎన్నికైనట్టు ప్రకటించారు. హాఫెజ్ పల్లెల నుంచి వచ్చిన బాత్ పార్టీ మనిషి; రైతుకు విత్తనం, డీజిల్ సబ్సిడీ ఇచ్చి పల్లెను పట్టుకున్నాడు. కొడుకు హయాంలో సబ్సిడీలు కోసి, లాభాలన్నీ మేనమామ కొడుకు రామి మఖ్లూఫ్ చేతికి పోనిచ్చారు. కరువు తోడైంది. 2011లో మంటలు లేచింది ఒకప్పుడు బాత్ కంచుకోటైన దరాలో. రష్యా, ఇరాన్ పదమూడేళ్లు నిలబెట్టాయి. 2024 నవంబర్ 27న తిరుగుబాటుదళాలు కదిలితే డిసెంబర్ 8కి డమాస్కస్ పడిపోయింది. జీతం చాలని సైనికులు యూనిఫారాలు విప్పి ఇళ్లకు పోయారు.

హైతీలో 1971లో తండ్రి డువాలియే పోతే 19 ఏళ్ల జాన్ క్లోద్ వచ్చాడు. తండ్రి నల్లజాతి పేదల పేరు మీద ఏలాడు. కొడుకు 1980లో తేలికచర్మపు సంపన్న కుటుంబంలో పెళ్లిచేసుకుని ఆ పేరు చెడగొట్టుకున్నాడు. పందుల రోగం వచ్చిందని దేశంలోని నాటు పందులన్నిటినీ చంపించడం మరో దెబ్బ. మన దగ్గర గొర్రె ఎలాగో హైతీ రైతుకు పంది అలాగ; బిడ్డ చదువుకు, జబ్బుకు అమ్ముకునే ఆస్తి. 1986 ఫిబ్రవరి 7న అమెరికా విమానమెక్కి వెళ్లిపోయాడు. గాబన్‌లో బోంగో కుటుంబాన్ని 56 ఏళ్ల తర్వాత 2023 ఆగస్టు 30న దించింది వాళ్ల సొంత అంగరక్షక దళమే.

తైవాన్ దారి వేరు. చియాంగ్ చింగ్ కువో తన తండ్రి చియాంగ్ కై షెక్ దగ్గర రహస్య పోలీసు విభాగాలను నడిపినవాడే. అయినా 1987లో సైనిక శాసనం ఎత్తేశాడు, తన కుటుంబంలో ఎవరూ తర్వాత రారని ముందే ప్రకటించాడు. సేద్యపు భూములు, ఎగుమతులు, చదువు వల్ల అక్కడ జనానికి ప్రభుత్వం మీద కొంత నమ్మకం మిగిలి ఉంది గనక దిగే దారి దొరికింది.

ప్రశ్న: మన దేశంలో కుటుంబ పార్టీలూ ఇలాంటివే కదా?
– దేవరకొండ పాఠకుడు

జవాబు: టికెట్టు ఇచ్చే దగ్గర పోలిక ఉంది, పార్టీ లోపల పోటీ లేకపోవడం నిజమైన జబ్బే. కానీ ఓడించే చీటీ మీ చేతిలో ఉంది. వారసుడు ఓడితే ఇంటికి పోతాడు, ఓడించిన మీరు శిబిరానికి పోరు. ఈ రెంటినీ ఒకే గాటన కడితే అక్కడివాళ్ల బాధ చిన్నదైపోతుంది.

ప్రశ్న: క్షిపణుల పక్కన తండ్రి చేయి పట్టుకుని కనిపించే ఆ పాపే నాలుగో తరమా? వార్తల్లో ఏ గుర్తులు చూడాలి?
– డిగ్రీ విద్యార్థిని, వనపర్తి

జవాబు: ఆమె తొలిసారి లోకానికి కనిపించింది 2022 నవంబర్‌లో, హ్వాసోంగ్–17 ప్రయోగం ఫొటోల్లో. కిమ్ జు ఏ అన్న పేరు 2013లో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు డెన్నిస్ రాడ్‌మన్ చెప్పగా తెలిసింది. అక్కడి పత్రికలు ఇంతవరకు పేరు రాయలేదు. మొదట ‘ప్రియమైన’ అన్నారు, తర్వాత ‘గౌరవనీయ’ అన్నారు. 2024 మార్చిలో తండ్రినీ ఆమెనూ కలిపి ‘మార్గదర్శనం చేసే మహనీయులు’ అన్నారు. ఆ మాట అగ్రనేతకూ వారసుడికీ తప్ప వాడరు. 2025 సెప్టెంబర్‌లో బీజింగ్‌కు వెంట తీసుకెళ్లాడు.

ఆడపిల్ల కావడం అక్కడ చిన్న అడ్డంకి కాదు. అందుకే ఇంత తొందరగా చూపిస్తున్నారని మేం అనుకుంటాం: తనకు మూడేళ్లే దొరికాయన్నది తండ్రికి బాగా గుర్తుంది. ఈలోగా తనను తాను తాత నీడలోంచి బయటికి తెచ్చుకుంటున్నాడు. 2024 జనవరిలో తండ్రి కాలంనాటి పునరేకీకరణ తోరణాన్ని కూల్చి, రెండు కొరియాలు ఒకటి కావాలన్న తాత ఆశయాన్నే వదిలేశాడు. మేలో తాత, తండ్రి పటాల పక్కన తన పటం పెట్టించాడు. జూన్‌లో తన ముఖం ఒక్కటే ఉన్న బ్యాడ్జీలు అధికారుల గుండెల మీద కనిపించాయి. అక్టోబర్ నుంచి తాత పుట్టిన 1912తో మొదలయ్యే జూచే సంవత్సరం పత్రికల్లో మాయమైంది. తాత పేరు మీద వచ్చిన హక్కు ఇది. ఆ పేరును తగ్గిస్తే కూతురికి ఏం మిగులుతుందన్నది ఆయన ఇంకా తేల్చుకోని లెక్క.

గుర్తుల సంగతికి వస్తే, ఫొటోల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పదవి చూడండి. కిమ్ జోంగ్ ఉన్‌కు 2010 సెప్టెంబర్‌లో ముందు జనరల్ హోదా ఇచ్చి, మర్నాడు పార్టీ సైనిక కమిషన్ ఉపాధ్యక్షుణ్ణి చేశారు. ఫొటో ఆ తర్వాతే వచ్చింది. ఆ అమ్మాయి విషయంలో వరుస తలకిందులైంది, ఫొటో ముందు వచ్చింది. యువజన సంఘంలో గానీ, సంస్థాగత మార్గదర్శక విభాగంలో గానీ ఆమె పేరుతో కొలువు ప్రకటించిన రోజు, పత్రికలో ఆ పేరు మొదటిసారి అచ్చయిన రోజు, మళ్లీ మాకు రాయండి.